14.5 అంగుళాల బ్యారెల్‌కి ఫ్లాష్ హైడర్ బిగిస్తే 16 అంగుళాల లెక్క సరిపోతుందా?

ఫ్లాష్ హైడర్ అంటే తుపాకీ మూతి దగ్గర మంటను తగ్గించే గొట్టం. దాన్ని మర తిప్పి బిగించి వదిలేస్తే సరిపోదు. స్పానర్ పెడితే ఊడొచ్చేది ఏదైనా అమెరికా ఫెడరల్ చట్టం లెక్కలోకి రాదు. అంటే మీ ఏఆర్-15 బ్యారెల్ ఇంకా 14.5 అంగుళాలే. రైఫిల్ బ్యారెల్‌కి చట్టం పెట్టిన కనీస హద్దు 16 అంగుళాలు, కాబట్టి దానికి భుజానికి ఆనించే స్టాక్ కూడా ఉంటే అది షార్ట్ బ్యారెల్డ్ రైఫిల్ (పొట్టి బ్యారెల్ రైఫిల్). రిజిస్టర్ చేయకుండా దగ్గర పెట్టుకుంటే పదేళ్ల దాకా జైలు.

లెక్కలోకి రావాలంటే అది ఇక ఊడకూడదు. ఎక్కువమంది చేసేది ఫ్లాష్ హైడర్ పక్కన రంధ్రం వేసి, పిన్ దించి, పిన్ తల కనపడకుండా వెల్డ్ చేయడం. చుట్టూ వెల్డ్ చేసినా, 1100 డిగ్రీల ఫారెన్‌హీట్ సిల్వర్ సోల్డర్‌తో అతికినా ఏటీఎఫ్ (తుపాకుల చట్టాన్ని అమలు చేసే ఫెడరల్ సంస్థ) ఒప్పుకుంటుంది.

చాలామంది దెబ్బతినేది ఇక్కడే: ఫ్లాష్ హైడర్ పొడవంతా బ్యారెల్‌కి కలవదు. మర భాగం సుమారు 0.6 అంగుళం లోపలికి పోతుంది. మామూలు ఏ2 రకం ఫ్లాష్ హైడర్ 1.75 అంగుళాలు, కలిసేది 1.15 మాత్రమే. మొత్తం 15.65, అంటే ఫెయిల్. కనీసం 2.25 అంగుళాలది తీసుకోండి. బ్యారెల్ మీదికి ఎక్కే గ్యాస్ బ్లాక్, హ్యాండ్‌గార్డ్ ముందే బిగించి, కాల్చి చూశాకే వెల్డింగ్‌కి ఇవ్వండి. తర్వాత అవి ముందువైపు నుంచి బయటికి రావు.

బ్యారెల్ కొలిచేది రిసీవర్ (బ్యారెల్ బిగించే తుపాకీ బాడీ) అంచు నుంచి కాదు. తుపాకీ ఖాళీగా ఉందని చూసుకుని, బోల్ట్ (తూటా వెనక మూసే భాగం) మూసి, సన్నటి చెక్క పుల్లను మూతి నుంచి బోల్ట్ ముఖానికి తగిలేదాకా దించండి. మూతి దగ్గర గీత గీసి, బయటికి తీసి టేపు పెట్టండి. ఛాంబర్ (తూటా కూర్చునే చోటు) కూడా పొడవులో భాగమే. సరిగ్గా 16 దగ్గర ఆగకండి, 16.1 అయినా ఉంచుకోండి.

తుపాకీ మొత్తం పొడవు 26 అంగుళాలకు తగ్గకూడదు. మడత స్టాక్‌ని ఏటీఎఫ్ తెరిచి కొలుస్తుంది. కాలిఫోర్నియా మడిచి కొలుస్తుంది, పైగా సెంటర్‌ఫైర్ (తూటా అడుగు మధ్యలో పేలే రకం) సెమీ ఆటోమేటిక్‌కి అక్కడ హద్దు 30. ఒకే తుపాకీకి రాష్ట్రం దాటితే చట్టంలో పేరు మారిపోతుంది.

1934లో రైఫిల్ బ్యారెల్‌కీ హద్దు 18 అంగుళాలే ఉండేది, 1960లో 16కి దించారు. షాట్‌గన్‌కి మాత్రం నేటికీ 18.

పొట్టిగానే కావాలంటే ఏటీఎఫ్‌కి ఫారం 1 (పొట్టి రైఫిల్ తయారు చేసుకునే అనుమతి దరఖాస్తు) పెట్టుకోండి. 2026 జనవరి 1 నుంచి 200 డాలర్ల పన్ను సున్నా అయింది, రిజిస్ట్రేషన్ మాత్రం పోలేదు. ఆమోదం చేతికి రాకముందు విడిభాగాలు కలపకండి.