పసరుకు 41 రోజులు, కీమోకు 8 వారాలు

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. నాన్నకు 58 ఏళ్ళు, కొబ్బరి రైతు. పెద్దపేగు క్యాన్సర్ అని మూడు వారాల క్రితం ఆపరేషన్ చేసి కుడివైపు పేగు తీసేశారు. 18 లింఫు గ్రంథులు పరీక్షిస్తే మూడింటికి పాకిందని, టీ3 ఎన్1 అని బయాప్సీలో రాశారు. కీమో పెట్టించాలన్నారు. గోదావరి అవతల ఒకాయన 41 రోజులు పసరు పోస్తాడని, పత్యం ఉంటే చాలని బంధువులంటున్నారు. ముందు పసరు వాడి, తగ్గకపోతే కీమోకు వెళ్ళొచ్చా? నా వయసు 32. నాకూ వస్తుందా?

సమాధానం: ఒకసారి లెక్క వేయండి. ఆపరేషనై 3 వారాలు, పసరుకు దాదాపు 6 వారాలు, మొత్తం 9. ఈ కీమో ఆపరేషన్ తర్వాత 6 నుంచి 8 వారాల లోపు మొదలవ్వాలి. ఆలస్యమయ్యేకొద్దీ ఫలితం తగ్గుతుంది. పైగా తగ్గిందో లేదో చూడడానికి నాన్నగారి ఒంట్లో ఇప్పుడు గడ్డ లేదు. మిగిలి ఉంటే స్కానింగ్‌కు అందని కణాలే. పసరు పని చెయ్యలేదని తెలిసేది జబ్బు తిరగబెట్టినప్పుడే, అప్పటికది కాలేయానికో ఊపిరితిత్తులకో చేరి ఉండొచ్చు. లింఫు గ్రంథులకు పాకింది కాబట్టి నాన్నగారిది మూడో దశ. ఈ దశలో ఆపరేషన్‌తో సరిపెడితే దాదాపు సగం మందికి తిరగబెడుతుంది, ఎక్కువగా మొదటి మూడేళ్ళలోనే.

మన జిల్లాల్లో పసరుకు పేరొచ్చింది కామెర్లతో. హెపటైటిస్ ఏ కామెర్లు పసరు పోసినా పొయ్యకపోయినా కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. క్యాన్సర్‌కు ఆ గుణం లేదు. ఫలానా ఆయనకు నయమైందని ఎవరైనా అంటే, ఆయనకు ముందే ఆపరేషన్ అయిందా అని అడగండి. 2018లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో, వైద్యం వద్దని ప్రత్యామ్నాయ మందులే వాడిన పెద్దపేగు, మలాశయ క్యాన్సర్ రోగుల్లో మరణ ముప్పు నాలుగు రెట్లకు పైగా ఉంది.

పత్యం ఇంకో దెబ్బ. చేప, గుడ్డు, పాలు మాన్పిస్తే కోత మానదు, మనిషి నీరసిస్తాడు. 60 కిలోల మనిషికి ఇప్పుడు రోజుకు 75 నుంచి 90 గ్రాముల ప్రొటీన్ కావాలి. గుడ్డులో 6 గ్రాములు, వంద గ్రాముల చేపలో సుమారు 18 ఉంటుంది. పులుసు, పెరుగు, పప్పు అన్నీ పెట్టండి. కూరలో పసుపు, మెంతులు నిక్షేపంగా వాడుకోవచ్చు.

టీ3 ఎన్1కు చాలామందికి మూడు నెలలు చాలు: మూడు వారాలకొకటి చొప్పున నాలుగు సైకిళ్ళు. మొదటి రోజు రెండు గంటల ఆక్సాలిప్లాటిన్ సెలైన్, ఆపైన 14 రోజులు కెపెసిటబిన్ మాత్రలు రోజుకు రెండు పూటలా, అన్నం తిన్న అరగంటలోపు, ఆ తర్వాత వారం విరామం. సెలైన్ తర్వాత కొన్ని రోజులు ఫ్రిజ్ నీళ్ళు, ఐస్ ముట్టకూడదు. గొంతు పట్టేసినట్టవుతుంది, వేళ్ళు జివ్వుమంటాయి. చెట్టు దింపిన బొండాం తాగొచ్చు, ఫ్రిజ్‌లోది వద్దు. మాత్రలతో అరచేతులు, పాదాలు ఎర్రబడి పగులుతాయి. తోటలో వట్టి కాళ్ళతో తిరగనివ్వకండి, రోజూ క్రీమ్ రాయండి. మామూలుకంటే నాలుగుసార్లు ఎక్కువ విరేచనాలైనా, జ్వరం 100.4 దాటినా మాత్రలు ఆపి ఆ రోజే ఆసుపత్రికి.

కీమో జరిగే రోజుల్లో పసరుతో పాటు తిప్పతీగ, భస్మాలు కూడా వద్దు. తిప్పతీగతో కాలేయం దెబ్బతిన్న కేసులు మన దేశంలోనే నమోదయ్యాయి. భస్మాల్లో సీసం, పాదరసం ఉండొచ్చు. బలానికని ఫోలిక్ యాసిడ్ ఉన్న మాత్రలు సొంతంగా కొనొద్దు, కెపెసిటబిన్ విషప్రభావం పెరుగుతుంది. ఇప్పటికే ఏదైనా తాగించి ఉంటే దాచకుండా ఆ సీసా పట్టుకెళ్ళి డాక్టర్‌కు చూపించండి, తిట్టినా సరే.

రెండో అభిప్రాయం కావాలంటే విశాఖ అగనంపూడిలో టాటా వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. కార్డుంటే ఎన్టీఆర్ వైద్య సేవ గురించి ముందే అడగండి.

మీ సంగతి: 40 ఏళ్ళకు కొలనోస్కోపీ చేయించుకోండి. అయితే నాన్నగారి గడ్డ ముక్కకు ఎంఎంఆర్ పరీక్ష (డీఎన్ఏలో తప్పుల్ని సరిదిద్దే ప్రొటీన్లు ఉన్నాయో లేదో చూసేది) చేశారేమో ముందు కనుక్కోండి. అందులో లోపం తేలితే, అది వంశపారంపర్యమో కాదో జన్యు పరీక్షతో చూడాలి. వంశపారంపర్యమైతే మీకు 40 దాకా ఆగే వీలుండదు.