ఐబీఎస్-డితో పెళ్లికి, తిరుమలకు: ఏం తినాలన్నదాని కంటే ఎప్పుడు తినాలన్నది ముఖ్యం

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: ఐబీఎస్-డి (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్‌లో విరేచనాలు ఎక్కువగా ఉండే రకం) ఉంది, ఇంట్లో ఉన్నన్నాళ్లు ఎలాగో నెట్టుకొస్తున్నారు, బస్సు పేరెత్తితేనే కడుపులో తిప్పుతుంది. వచ్చే నెల హైదరాబాద్ నుంచి విశాఖలో పెళ్లికి, అక్కణ్ణుంచి తిరుమలకు వెళ్లాలి. ఏం తినాలి, ఏ మాత్ర వేసుకోవాలి అని అడిగారు. ఆ రెండిటికంటే ముందు చూసుకోవాల్సింది టైము.

పొట్టలో తిండి పడగానే పెద్దపేగు కదులుతుంది. అది అందరికీ ఉండేదే, ఐబీఎస్-డిలో మోతాదు మించుతుంది. నిద్ర లేచాక రెండు మూడు గంటలు మరీ ఎక్కువ. దాని మీద కాఫీ, నూనె ఓడే పూరీ పడితే ఇక పరుగే. ఆరింటి బస్సుకు ఐదింటికి లేచి, కాఫీ తాగి ఆటో ఎక్కితే సూర్యాపేట దాకా నరకం ఖాయం. బయల్దేరడానికి కనీసం మూడు గంటల ముందు లేవండి. కాఫీ అలవాటుంటే అప్పుడే తాగేయండి, రెండు ఇడ్లీలు తినేయండి. రావాల్సిన రెండు మూడు విడతలూ ఇంట్లోనే రానివ్వాలి. ఆ తర్వాత బండి ఎక్కి కుదురుకునేదాకా నీళ్లు తప్ప ఏమీ వద్దు.

"అసలు ఏమీ తినకపోతే సరి" అని పొద్దుటినుంచి పస్తుండేవాళ్లు చాలామంది. ఇది ఎదురు తిరుగుతుంది. పేగు కదలిక భోజనం పరిమాణాన్ని, అందులోని కొవ్వును బట్టి ఉంటుంది. పగలంతా మాడి సాయంత్రం విస్తరి ముందు కూర్చుంటే, తిన్న ఇరవై నిమిషాలకు కల్యాణ మండపంలో బాత్రూమ్ ఎక్కడో వెతుక్కోవాలి. మూడు గంటలకోసారి గుప్పెడు తినడం మేలు.

ఇంకో మాట. డాక్టరు చూసి చెప్పిందేనా ఈ ఐబీఎస్-డి, లేక మీరే పెట్టుకున్న పేరా? మలంలో రక్తం, నిద్రలోంచి లేపే విరేచనాలు, జ్వరం, రక్తహీనత, బరువు తగ్గడం, యాభై దాటాక కొత్తగా మొదలవడం: వీటిలో ఏది ఉన్నా ప్రయాణం సంగతి తర్వాత, ముందు గ్యాస్ట్రో డాక్టరు. షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతుంటే అది కూడా మోషన్స్ తెస్తుంది. మందు నెమ్మదిగా విడుదలయ్యే ఎక్స్‌టెండెడ్ రిలీజ్ రకానికి మారితే చాలామందికి తగ్గుతుంది. గాల్‌బ్లాడర్ తీయించుకున్నవాళ్లలో కొందరికి పైత్యరసం పెద్దపేగులోకి జారి నీళ్ల విరేచనాలు అవుతాయి, దానికి మందు వేరు.

ఇక మాత్ర. ప్రయాణానికి పనికొచ్చేది లోపెరమైడ్ 2 మి.గ్రా. పేగు కదలికను నెమ్మది చేసి, నీళ్లు పీల్చుకునే వ్యవధి ఇస్తుంది. నొప్పిని మాత్రం పెద్దగా తగ్గించదు. దీని విషయంలో జరిగే తప్పులు దాదాపు అన్నీ వేళ గురించే. అర్జంటు వచ్చాక వేసుకుంటే ఆ విడతను ఆపదు, పని చేయడానికి గంటో, ఇంకా ఎక్కువో పడుతుంది. బయల్దేరడానికి గంట, గంటన్నర ముందు ఒకటి వేసుకోవాలి. అది కూడా మొదటిసారి ప్రయాణం రోజున కాదు. ముందు ఒక ఆదివారం ఇంట్లో వేసుకుని చూడండి: కొందరికి ఒక్క మాత్రకే రెండు రోజులు బిగుసుకుపోతుంది, మూడో రోజు అన్నీ ఒక్కసారిగా కదిలి నొప్పితో సహా వస్తాయి. అలాంటివాళ్లకు బిళ్ల రూపంలో దొరికితే సగం చాలు. డాక్టరు చెప్పకుండా రోజుకు 8 మి.గ్రా., అంటే నాలుగు మాత్రలు దాటకూడదు. మోతాదు బాగా మించితే గుండె లయ తప్పుతుంది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2016లో దీనిమీదే హెచ్చరిక ఇచ్చింది. గుండె జబ్బుకో, వేరే దేనికో మందులు వాడుతుంటే ముందే అడగండి. జ్వరం ఉన్నా, రక్తం కనబడినా దీని జోలికి పోవద్దు. అది ఐబీఎస్ కాదు, ఇన్ఫెక్షనో మరో జబ్బో కావొచ్చు.

మెలితిప్పే నొప్పికి మెబెవరిన్ 135 మి.గ్రా. భోజనానికి ఇరవై నిమిషాల ముందు వేసుకునేది, డాక్టరు రాస్తే తెచ్చుకోండి. డైసైక్లోమిన్ కూడా వాడతారు కానీ నోరు ఎండిపోతుంది, కళ్లు మసకబారతాయి, గ్లకోమా (కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు) ఉన్నవాళ్లు వాడకూడదు. రాత్రిపూట 10 మి.గ్రా. అమిట్రిప్టిలిన్ రాస్తే "నాకు డిప్రెషన్ మందు ఎందుకిచ్చారు" అని పారేయకండి. ఆ తక్కువ మోతాదు పేగు నరాలను శాంతపరచడానికే. బ్రిటన్‌లో జరిగిన అధ్యయనం 2023లో వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చింది, ఐబీఎస్‌లో అది పని చేసింది. కుదురుకోవడానికి వారాలు పడుతుంది కాబట్టి ఈ ప్రయాణానికి కావాలంటే ఇప్పుడే మొదలవ్వాలి. ఇసబ్‌గోల్‌దీ అదే సంగతి: చెంచాతో మొదలుపెడితే మొదటి వారం గ్యాసు, ఉబ్బరం, ఆ తర్వాతే లాభం. పెళ్లికి రెండు రోజుల ముందు కొని మొదలుపెట్టకండి.

బండి విషయానికి వస్తే, మీ దారికి రాత్రి రైలే మంచిది. నిద్రలో పెద్దపేగు కూడా దాదాపు నిద్రపోతుంది. సాయంత్రం బయల్దేరి తెల్లారేసరికి విశాఖ చేరే గోదావరి ఎక్స్‌ప్రెస్ లాంటివి సరిపోతాయి. చిక్కల్లా దిగే ముందు గంట: పెట్టె మొత్తం ఒక్కసారి లేచి టాయిలెట్ ముందు వరుస కడుతుంది, నీళ్లు కూడా ఆ వేళకే అయిపోతాయి. మీరు నాలుగున్నరకే అలారం పెట్టుకుని ముందు వెళ్లిరండి. బెర్తు ఎంచుకునేటప్పుడు స్లీపరైనా థర్డ్ ఏసీ అయినా సైడ్ లోయర్ అడగండి. 7, 15, 23 అలా ఎనిమిదేసి కలుపుకుంటూ పోతే అవి వస్తాయి. ఎవరినీ లేపకుండా, ఎక్కీదిగే పని లేకుండా కాళ్లు కింద పెట్టొచ్చు. అందులో 7 టాయిలెట్ పక్కనే, వాసన, తలుపు చప్పుడు రాత్రంతా ఉంటాయి; 15, 23 అయితే పది అడుగులు వేస్తే చాలు. ఆర్‌ఏసీ వస్తే మాత్రం అదే బెర్తులో మీకు తోడు ఇంకొకరు కూర్చుంటారు, ఆ రాత్రికి అంతే.

బస్సే గతి అయితే ఆర్టీసీలో ముందు వరస సీటు తీసుకుని, కదలకముందే డ్రైవరుకు చెప్పండి: "అన్నా, కడుపు బాగోలేదు, అర్జంటైతే ఒక్క ఐదు నిమిషాలు ఆపాలి" అని. ముందే చెప్పిన మాటకు ఆపినంత మర్యాదగా మధ్యలో అరిచినప్పుడు ఆపరు. ఈ ఒక్క మాట చెప్పేసుకుంటేనే సగం భయం పోతుంది, భయం తగ్గితే పేగు కూడా సగం తగ్గుతుంది. కారులో అయితే పెద్ద పెట్రోలు బంకుల్ని గుర్తుపెట్టుకోండి. బంకు వాళ్లు టాయిలెట్ ఉచితంగా వాడుకోనివ్వాలన్నది నిబంధన. విమానమైతే నడవ పక్క సీటు. పైకెళ్లాక క్యాబిన్ పీడనం ఆరేడు వేల అడుగుల కొండ మీద ఉన్నట్టుంటుంది, పేగుల్లో గ్యాసు పావు వంతు పైన ఉబ్బుతుంది. ఎక్కే ముందు సోడా, శనగలు వద్దు. సీటుబెల్టు దీపం వెలిగే లోపే ఒకసారి వెళ్లిరావాలి.

ఇప్పుడు తిండి. మన వంటలో ఐబీఎస్ వాళ్లను ఎక్కువ ఏడిపించేది కారం అనుకుంటారు. కారం పేగును రేపుతుంది, నిజమే, కానీ అంతకంటే నమ్మకంగా దెబ్బకొట్టేవి ఉల్లి, వెల్లుల్లి. వాటిలోని ఫ్రక్టాన్లు అనే పిండిపదార్థాలు మనకు అరగవు, పెద్దపేగులో పులిసి గ్యాసు అవుతాయి, నీటిని లాగుతాయి. ఇవి నీళ్లలో కరుగుతాయి, నూనెలో కరగవు. అందుకే సాంబారులో ఉల్లిపాయ ముక్కలు ఏరి పక్కన పెట్టినా లాభం లేదు, సారం అంతా పులుసులోకి దిగిపోయి ఉంటుంది. అదే ఇంట్లో నూనెలో వెల్లుల్లి రెబ్బలు వేయించి, తీసేసి, ఆ నూనెతో తాళింపు పెడితే వాసన వస్తుంది, బాధ రాదు. నీళ్లో, టమాటాలో పడకముందే రెబ్బలు తీసేయాలి. ఇంగువ చిటికెడు ఎవరికీ ఏమీ చేయదు.

పెళ్లి విస్తరిలో చూడండి: ఉల్లి వెల్లుల్లి లేని వంటైతే మీ అదృష్టం. తెల్లన్నం, చెంచా నెయ్యి, పలచని చారు, ఉల్లి లేని దొండకాయ వేపుడో బంగాళాదుంప వేపుడో, కాస్త పులిహోర. కందిపప్పు రెండు చెంచాలతో ఆపండి. పూర్ణం బూరెలో శనగపప్పు ఉంటుంది, మరీ పెట్టిన చెయ్యి బాధపడుతుందనుకుంటే సగం. గుత్తి వంకాయ మసాలాలో ఉల్లి, నూనె రెండూ ఉంటాయి, పక్కన పెట్టేయండి. గడ్డ పెరుగు అరకప్పు చాలామందికి పడుతుంది, గ్లాసుడు పాలు పడవు. విందు చివర పుచ్చకాయ, మామిడి ముక్కలు పెడతారు, ఫ్రక్టోజు ఎక్కువ. అరటిపండైతే మరీ మాగి మచ్చలు పడ్డది కాకుండా కాస్త గట్టిది తినండి. దారిలో ఇడ్లీ సురక్షితమే కానీ హోటలు తెల్ల చట్నీలో పుట్నాలు ఉంటాయని గుర్తుంచుకోండి. షుగర్‌లెస్ చూయింగ్ గమ్‌లోని సార్బిటాల్ అనే తీపి పదార్థం కూడా విరేచనకారే.

ఏది పడదో తేల్చుకోవడానికి మెల్‌బోర్న్ మోనాష్ విశ్వవిద్యాలయం వాళ్ల లో-ఫాడ్‌మ్యాప్ (పేగులో పులిసే పిండిపదార్థాలు తగ్గించే) పద్ధతి ఉంది: రెండు నుంచి ఆరు వారాలు మానేసి, ఆ తర్వాత ఒక్కో రకాన్ని మళ్లీ తెచ్చుకోవడం. తిరిగొచ్చాక చేయండి, డైటీషియన్ ఉంటే ఇంకా మంచిది. మానేసినవన్నీ జీవితాంతం మానేయడం ఆ పద్ధతి ఉద్దేశం కాదు.

సంచిలో ఉండాల్సినవి: నొక్కితే నీళ్లొచ్చే అర లీటరు బాటిల్, తడి టిష్యూలు, పేపర్ సబ్బు, ముదురు రంగు ప్యాంటు, లోదుస్తులు రెండు, జిప్ కవర్లు, పదేపదే కడుక్కుని ఒరుసుకుపోయినచోట రాయడానికి వాజలీన్. పెద్దవాళ్ల డైపరు ఒకటి ఉంచుకోండి. దాని అవసరం రాదు, ఉందన్న ధైర్యం పని చేస్తుంది. ఓఆర్‌ఎస్ ఒకటి రెండు చాలు: 4.2 గ్రా. ప్యాకెట్టు 200 మి.లీ. నీళ్లకు, 20.5 గ్రా.ది లీటరుకు. చిక్కగా కలిపితే విరేచనాలు పెరుగుతాయి. పేరు చూసి తీపి డ్రింకు కొనకండి. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, ప్రమాణాలకు సరిపోని పానీయాలపై ఓఆర్‌ఎస్ అన్న పేరు వాడకూడదని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. అయినా ప్యాకెట్టు వెనక చదివే కొనండి.

తిరుమలలో ఘాట్ రోడ్డు మీద ముప్పావు గంట బస్సు ఆగదు, కింద తిరుపతిలోనే పని ముగించుకుని ఎక్కండి. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్టు ముందే తీసుకుంటే నిరీక్షణ తగ్గుతుంది. స్లాటు మధ్యాహ్నానిది ఎంచుకోండి, పొద్దున్నది వద్దు. వైకుంఠం కంపార్ట్‌మెంట్లలో టాయిలెట్లు ఉన్నాయి, అక్కడ కూర్చున్నంతసేపు భయం లేదు. తలుపు తీసి వరుసలోకి వదిలాకే వెనక్కి రావడం కష్టం. అందుకే తలుపు తీసే సందడి మొదలవగానే, రాకపోయినా ఒకసారి వెళ్లిరండి. లోపల పాలు పంచుతారు, ఎంత ఆకలేసినా పిల్లలకిచ్చేయండి. లోపెరమైడ్ మాత్ర వేసుకోవాల్సింది రిపోర్టింగ్ టైముకు గంట ముందు.

ఒకవేళ దారిలో మోషన్స్ పట్టుకుంటే మందుల షాపువాడు నార్‌ఫ్లాక్సాసిన్-టినిడజోల్ చేతిలో పెడతాడు. తీసుకోకండి. ఐబీఎస్‌కు అది మందు కాదు, పేగుల్లో ఉన్న మంచి బ్యాక్టీరియా కూడా పోయి వచ్చే నెలంతా బాధే. ఐబీఎస్‌కు ఇచ్చే యాంటీబయాటిక్ రిఫాక్సిమిన్, అది 14 రోజుల కోర్సు, డాక్టరు రాయాల్సింది. వాంతులు, జ్వరం, రాత్రంతా నీళ్ల విరేచనాలు అయితే అది తిన్నది పడక వచ్చిన వేరే జబ్బు. లోపెరమైడ్ ఆపేసి, ఓఆర్‌ఎస్ తాగుతూ దగ్గర్లోని ఆస్పత్రికి వెళ్లండి.