కొత్త ల్యాప్‌టాప్, కొత్త విండోస్: ఫార్మాట్ కొట్టించే ముందు

ప్రశ్న: ఆఫర్‌లో ల్యాప్‌టాప్ కొన్నాను. పెట్టె మీద విండోస్ 11 అనే ఉంది కానీ లోపల 23హెచ్2 వెర్షన్ అని చూపిస్తోంది. మా అబ్బాయి స్నేహితుల దగ్గర 25హెచ్2 ఉందట. అప్‌డేట్ నొక్కితే 'అప్ టు డేట్' అంటోంది. దగ్గర్లో షాపతను "ఫార్మాట్ కొట్టి కొత్తది ఎక్కిస్తా" అంటున్నాడు. ఇవ్వమంటారా?
- ఒక పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: ఇవ్వకండి. ఈ పనికి ఫార్మాట్ అక్కర్లేదు.

ల్యాప్‌టాప్ తయారైన రోజున ఏ విండోస్ ఉంటే ఫ్యాక్టరీలో అదే ఎక్కిస్తారు. ఆ తర్వాత అది గోదాముల్లో, షోరూముల్లో నెలల తరబడి ఉండి మీ చేతికొస్తుంది. ఆఫర్‌లో దొరికే సరుకులో ఇలాంటివి ఎక్కువ. అలాగని దాన్ని అలాగే వదిలేయకూడదు. 23హెచ్2 హోమ్, ప్రో ఎడిషన్లకు భద్రతా అప్‌డేట్లు 2025 నవంబర్ 11తో ఆగిపోయాయి. 24హెచ్2కి గడువు 2026 అక్టోబర్ 13, 25హెచ్2కి 2027 అక్టోబర్ 12. కాబట్టి మధ్యలో ఆగకుండా నేరుగా 25హెచ్2కే వెళ్లండి. ఇప్పటికే 24హెచ్2 ఉన్నవాళ్లకు ఇది చిన్న పని: రెండింటి పునాది ఒకటే, చిన్న ప్యాకేజీ దిగి ఒక్క రీస్టార్ట్‌తో అయిపోతుంది. మీది 23హెచ్2 కాబట్టి విండోస్ మొత్తం మారుతుంది. గంట నుంచి రెండు గంటలు కేటాయించుకోండి.

ముందు పాత అప్‌డేట్లన్నీ పూర్తి కానివ్వండి. విండోస్ అప్‌డేట్‌లో 'చెక్ ఫర్ అప్‌డేట్స్' నొక్కడం, రీస్టార్ట్ చేయడం, మళ్లీ నొక్కడం. కొత్తగా ఏమీ రాకుండా పోయేదాకా ఇదే. తర్వాత ల్యాప్‌టాప్ కంపెనీ సొంత సాఫ్ట్‌వేర్ తెరవండి. హెచ్‌పీ అయితే సపోర్ట్ అసిస్టెంట్, డెల్ అయితే సపోర్ట్‌అసిస్ట్, లెనోవో అయితే వాంటేజ్, ఆసుస్ అయితే మైఆసుస్. అందులో బయోస్ (ల్యాప్‌టాప్ ఆన్ కాగానే ముందు నడిచే సాఫ్ట్‌వేర్), చిప్‌సెట్, వైఫై, గ్రాఫిక్స్ డ్రైవర్లు (ఆయా భాగాలను నడిపే సాఫ్ట్‌వేర్లు) కొత్తవి ఉంటే వేయండి. (బయోస్ జోలికి వెళ్లేముందు కింద మల్కాజిగిరి పాఠకురాలి ప్రశ్న కూడా చదవండి.) 'అప్ టు డేట్' అని మొండికేయడానికి తరచూ కారణం ఇక్కడే ఉంటుంది. ఫలానా డ్రైవర్‌తో ఇబ్బంది ఉందని తెలిస్తే, ఆ డ్రైవర్ ఉన్న మెషిన్లకు మైక్రోసాఫ్టే కొత్త వెర్షన్‌ని ఆపి ఉంచుతుంది. డ్రైవర్ మారితే దారి తెరుచుకుంటుంది. అడ్డం వచ్చిందని దొడ్డిదారి వెతకడం కన్నా ఆ డ్రైవర్ వచ్చేదాకా ఆగడమే మేలు.

కొత్త ల్యాప్‌టాప్‌తో వచ్చిన ట్రయల్ యాంటీవైరస్‌ని తీసేయండి. అది విండోస్ లోతుల్లో తన డ్రైవర్లు పెట్టుకుంటుంది. అప్‌గ్రేడ్ మధ్యలో అడ్డం పడేవాటిలో ఇదొకటి. విండోస్‌లోనే ఉన్న డిఫెండర్ ఆ పని చూసుకుంటుంది. సీ డ్రైవ్‌లో పాతిక, ముప్ఫై జీబీ ఖాళీ ఉంచండి. ప్రింటర్, పెన్‌డ్రైవ్, డాంగిల్ అన్నీ పీకేయండి, చార్జర్ మాత్రం పెట్టే ఉంచండి.

డ్రైవర్లన్నీ కొత్తవయ్యాక కూడా అప్‌డేట్ కనిపించకపోతే మైక్రోసాఫ్ట్ సైట్‌లో విండోస్ 11 డౌన్‌లోడ్ పేజీకి వెళ్లి 'ఇన్‌స్టలేషన్ అసిస్టెంట్' తీసుకుని నడపండి. లేదా అదే పేజీలో ఐఎస్ఓ ఫైలు (విండోస్ మొత్తం ఉండే ఒకే ఫైలు) దించుకుని, డబుల్ క్లిక్ చేసి, లోపలి 'సెటప్' నడపండి. ఫైలు ఐదు జీబీ పైమాటే, కనుక రోజుకు రెండు జీబీ మొబైల్ ప్యాక్‌తో కూర్చోకండి. సెటప్ అడిగినప్పుడు 'కీప్ పర్సనల్ ఫైల్స్ అండ్ యాప్స్' ఎంచుకోవాలి. ఆ ఎంపిక మసకగా ఉండి నొక్కనివ్వకపోతే సాధారణంగా భాష తేడా: మీ ల్యాప్‌టాప్‌లో ఉన్నది 'ఇంగ్లిష్ యునైటెడ్ స్టేట్స్', దించుకున్నది 'ఇంగ్లిష్ ఇంటర్నేషనల్' అయి ఉంటుంది, లేదా అటుదిటు. సరైనది దించుకుని మళ్లీ మొదలుపెట్టండి. 'నథింగ్' మాత్రం నొక్కొద్దు.

మధ్యలో ఒకే శాతం దగ్గర చాలాసేపు నిలబడుతుంది. పవర్ బటన్ నొక్కి ఆపకండి. ఎర్రర్ వచ్చి ఆగితే కోడ్ చూడండి. 80070070 అని ఉంటే డిస్క్‌లో చోటు చాలలేదని. సీ1900101 అని ఉంటే దాదాపు ఎప్పుడూ డ్రైవర్ గొడవే. ఏ పరికరం తగిలించి ఉందో, ఏ డ్రైవర్ పాతదో మళ్లీ చూసుకోవాలి.

కొత్తది నచ్చకపోతే సెట్టింగ్స్‌లో సిస్టమ్, రికవరీ, 'గో బ్యాక్' అనే వరుసలో పది రోజుల్లోపు వెనక్కి రావచ్చు. ఆ పది రోజులూ డిస్క్ క్లీనప్‌లో 'ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్స్' చెరిపేయకండి. చెరిపితే వెనక్కి దారి ఉండదు.

ప్రశ్న: కొత్త ల్యాప్‌టాప్‌లో బయోస్ అప్‌డేట్ చేశాను. ఇప్పుడు నీలం తెర మీద బిట్‌లాకర్ రికవరీ కీ, 48 అంకెలు అడుగుతోంది. నేనెప్పుడూ ఏ కీ పెట్టలేదు. పిల్లల ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి.
- ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: మీరు పెట్టలేదు, విండోసే పెట్టింది. ఇప్పుడొచ్చే చాలా ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో మొదటిసారి లాగిన్ కాగానే డిస్క్ దానంతటదే ఎన్‌క్రిప్ట్ అవుతుంది, అంటే కీ లేనిదే చదవలేకుండా తాళం పడుతుంది. ఆ తాళమే బిట్‌లాకర్. తాళంచెవి మదర్‌బోర్డులోని టీపీఎం అనే భద్రతా భాగంలో ఉంటుంది. బయోస్ మారితే టీపీఎంకి మెషిన్ కొత్తగా కనిపిస్తుంది, అనుమానపడి తాళంచెవి ఇవ్వదు. అప్పుడు మిగిలేది ఆ 48 అంకెలే.

కంగారుపడి 'రీసెట్' మాత్రం నొక్కకండి, ఫొటోలు పోతాయి. ఫోన్‌లో బ్రౌజర్ తెరిచి, ల్యాప్‌టాప్ మొదటిరోజు ఇచ్చిన ఈమెయిల్‌తోనే అకౌంట్ డాట్ మైక్రోసాఫ్ట్ డాట్ కామ్‌లో లాగిన్ అవండి. 'డివైజెస్'లో మీ ల్యాప్‌టాప్ కింద బిట్‌లాకర్ రికవరీ కీలు కనిపిస్తాయి. ఒకటికి మించి ఉంటే, నీలం తెర మీద చూపించే కీ ఐడీ మొదటి ఎనిమిది అక్షరాలతో పోల్చి సరైనది ఎంచుకోండి. ఇంట్లో ఎవరి ఈమెయిల్ వాడారో గుర్తులేకపోతే అందరివీ చూడండి.

అందులోనూ లేదంటే ఒక్కటే అనుమానం: షాపులో సెటప్ చేసిన కుర్రాడు తన మెయిల్ ఐడీతో లాగిన్ అయి ఉంటాడు. కీ అతని అకౌంట్లో ఉంటుంది. బిల్లు పట్టుకుని వెళ్లి అడగండి. ఆ కీ ఎక్కడా దొరక్కపోతే మైక్రోసాఫ్ట్ వాళ్లు కూడా తెరవలేరు. సర్వీస్ సెంటర్లో చేసేది డిస్క్ చెరిపి మళ్లీ విండోస్ వేయడమే. కొత్త ల్యాప్‌టాప్ సెటప్ ఇంట్లో, మీ మెయిల్‌తో, మీరే చేసుకోవాలని మేము పోరుపెట్టేది ఇందుకే.

లోపలికి వెళ్లగలిగాక ఆ కీని కాగితం మీద రాసి, ల్యాప్‌టాప్ సంచిలో కాకుండా బీరువాలో పెట్టండి. మళ్లీ బయోస్ అప్‌డేట్ చేసేటప్పుడు, ప్రో ఎడిషన్ అయితే కంట్రోల్ ప్యానెల్‌లో బిట్‌లాకర్ తెరిచి 'సస్పెండ్ ప్రొటెక్షన్' చేయండి. హోమ్ ఎడిషన్ అయితే సెట్టింగ్స్‌లో 'ప్రైవసీ అండ్ సెక్యూరిటీ' కింద 'డివైస్ ఎన్‌క్రిప్షన్' ఆపి, డీక్రిప్షన్ పూర్తయ్యేదాకా ఆగి, పని అయ్యాక మళ్లీ పెట్టుకోండి.

ప్రశ్న: ఎవరేమన్నా నాకు క్లీన్ ఇన్‌స్టాలే (అంతా చెరిపి విండోస్ కొత్తగా వేయడమే) ఇష్టం. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేస్తే విండోస్ ఎక్కడ వేయాలో ఎంచుకునే చోట డిస్క్ ఒక్కటీ కనిపించట్లేదు. ఎస్ఎస్‌డీ పాడైందా? పన్నెండో తరం ఇంటెల్ ప్రాసెసర్.
- ఇంజినీరింగ్ విద్యార్థి, కూకట్‌పల్లి

జవాబు: పాడవలేదు. పదకొండో తరం నుంచి చాలా ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో ఎస్ఎస్‌డీ 'వీఎండీ' అనే కంట్రోలర్ వెనకాల కూర్చుంటుంది. విండోస్ సెటప్‌లో దాని డ్రైవర్ లేకపోతే డిస్క్ కనపడదు. మీ ల్యాప్‌టాప్ మోడల్ సపోర్ట్ పేజీ నుంచి ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ దించుకుని, దాన్ని విప్పి, వచ్చిన ఫోల్డర్‌ని అదే పెన్‌డ్రైవ్‌లో పెట్టండి. డ్రైవర్‌ని ఉత్త ఈఎక్స్‌ఈ ఫైలుగా పెడితే సెటప్‌కి అర్థం కాదు, లోపలి ఐఎన్ఎఫ్ ఫైళ్లు కావాలి. డిస్కులు చూపించే చోట 'లోడ్ డ్రైవర్' నొక్కి ఆ ఫోల్డర్ చూపిస్తే ఎస్ఎస్‌డీ బయటపడుతుంది.

బయోస్‌లో వీఎండీ ఆపేయమని కొందరు చెబుతారు. ఖాళీ డిస్క్ మీద కొత్తగా వేసేటప్పుడు అదీ పనిచేస్తుంది. పాత విండోస్‌ని ఉంచుకుని ఆపితే మాత్రం అది 'ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్' అంటూ నీలం తెర వేస్తుంది.

వైఫై సంగతి కూడా ముందే చూసుకోండి. ఇన్‌స్టాల్ అయ్యాక హోమ్ ఎడిషన్ ఇంటర్నెట్ అడుగుతుంది, కొత్త వైఫై కార్డుకు డ్రైవర్ ఉండదు, ముందుకీ వెనక్కీ కదలరు. ఆండ్రాయిడ్ ఫోన్‌ని డేటా కేబుల్‌తో తగిలించి 'యూఎస్‌బీ టెథరింగ్' పెడితే గండం గట్టెక్కుతుంది. చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుల్ అయితే కుదరదు.

పెన్‌డ్రైవ్ కనీసం 8 జీబీ ఉండాలి, అందులో ఉన్నవన్నీ పోతాయి. బూట్ మెనూకి డెల్, లెనోవో, ఏసర్‌లలో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఆసుస్‌లో ఎస్కేప్. ఏసర్‌లో బయోస్‌లోకి వెళ్లి ఎఫ్12 బూట్ మెనూని ముందు ఆన్ చేయాల్సి రావచ్చు.

ల్యాప్‌టాప్‌తో ఆఫీస్ హోమ్ ఉచితంగా వచ్చి ఉంటే, ఫార్మాట్‌కి ముందే ఏదైనా వర్డ్ ఫైలు తెరిచి మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కి జత చేసుకోండి. తర్వాత అకౌంట్ నుంచే మళ్లీ దించుకోవచ్చు. విండోస్ లైసెన్స్ గురించి దిగులు లేదు. కీ మదర్‌బోర్డులోనే రాసి ఉంటుంది, అదే ఎడిషన్ వేస్తే అడగకుండానే యాక్టివేట్ అవుతుంది. హోమ్‌తో వచ్చిన దాంట్లో ప్రో వేస్తే అవ్వదు.

ప్రశ్న: డబ్బు కలిసొస్తుందని విండోస్ లేని 'డాస్' ల్యాప్‌టాప్ కొన్నాం. ఒక షాపులో ఐదు వందలకి విండోస్ 11 ప్రో వేశారు. 'యాక్టివేటెడ్' అనే చూపిస్తోంది. ఇది అసలుదేనా?
- ఒక చిరు వ్యాపారి, సికింద్రాబాద్

జవాబు: ఐదు వందలకి అసలుది రాదు. మీరే తేల్చుకోవచ్చు. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో ఇంగ్లిష్ అక్షరాలు ఎస్, ఎల్, ఎం, జి, ఆర్ కలిపి రాసి, ఒక ఖాళీ వదిలి, వాలుగీత పెట్టి ఎక్స్, పి, ఆర్ కొట్టండి. గడువు తేదీ చూపిస్తే అది కేఎంఎస్ పద్ధతి. పెద్ద సంస్థలు తమ సొంత సర్వర్‌తో నడుపుకునేది, 180 రోజులకోసారి పునరుద్ధరించాలి. మీకు విండోస్ వేసిన షాపువాళ్లు దాన్ని దొంగ సర్వర్‌తో నడిపి ఉంటారు. లైసెన్స్ సంగతి అటుంచండి. అలా యాక్టివేట్ చేసే టూల్ నడవడానికి డిఫెండర్‌ని ఆపేసి ఉంటారు, లేదా దాన్ని మినహాయింపుల్లో పెట్టి ఉంటారు. మీరు జీఎస్టీ రిటర్నులు, బ్యాంకు పనులు చేసే మెషిన్ అది. మొత్తం చెరిపి, మైక్రోసాఫ్ట్ నుంచి దించిన విండోస్ వేసి, బిల్లు ఇచ్చే చోట హోమ్ లైసెన్స్ కొనుక్కోండి. మరోసారి కొనేటప్పుడు విండోస్‌తో వచ్చే మోడల్ ధర కూడా అడగండి. విడిగా లైసెన్స్ కొంటే డాస్ మోడల్‌లో మిగిలిందంతా పోతుంది.

ప్రశ్న: 8 జీబీ ర్యామ్ చాలా? 16 చేయించమంటారా?
- ఒక ఉపాధ్యాయురాలు, ఉప్పల్

జవాబు: విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ చెప్పే కనీసం 4 జీబీ. కాగితం మీద మాత్రమే నయం. బ్రౌజర్, వర్డ్, ఆన్‌లైన్ క్లాసుకి 8 సరిపోతుంది. పెంచాలనుకుంటే ముందు టాస్క్ మేనేజర్‌లో 'పెర్ఫార్మెన్స్', 'మెమొరీ' చూసి స్లాట్లు ఎన్ని వాడారో తెలుసుకోండి. సన్నటి మోడళ్లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, మారదు. స్లాట్ ఖాళీ ఉంటే మీ ర్యామ్ రకం డీడీఆర్4నా డీడీఆర్5నా రాసుకుని సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీకి వెళ్లండి. ఒకదాని స్లాట్‌లో రెండోది పట్టదు.

ప్రశ్న: కొత్త ల్యాప్‌టాప్‌కి మారాక నా పాత తెలుగు వర్డ్ ఫైళ్లలో అక్షరాల రూపు మారిపోయింది, పేజీలు కూడా పెరిగాయి. గౌతమి ఫాంట్‌లో కొట్టినవి.
- ఒక పాఠకుడు, నల్లకుంట

జవాబు: విండోస్ 10 నుంచి గౌతమి, వాణి ఫాంట్లు మామూలుగా రావు. వర్డ్ వాటి బదులు నిర్మలా యూఐ పెడుతుంది. రెండింటి కొలతలు వేరు కాబట్టి పేజీలు పెరిగాయి. సెట్టింగ్స్‌లో 'సిస్టమ్', 'ఆప్షనల్ ఫీచర్స్', 'వ్యూ ఫీచర్స్' తెరిచి 'తెలుగు' అని వెతకండి. 'తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్' వస్తుంది, జత చేసి వర్డ్ మూసి తెరవండి. కీబోర్డు కూడా కావాలంటే భాషల జాబితాలో తెలుగు కలిపి, 'తెలుగు ఫొనెటిక్' ఎంచుకోండి. ఇంగ్లిష్ అక్షరాలతో 'అమ్మ' కొడితే తెలుగులో పడుతుంది. యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంట్లతో చేసిన ఫైళ్లకు మాత్రం ఇది పనిచేయదు. వాటికి ఆ ఫాంట్ల సొంత ఇన్‌స్టాలర్, లైసెన్స్ డాంగిల్ వెతికి పట్టుకోండి. పాత ల్యాప్‌టాప్‌ని అమ్మేసేది ఆ తర్వాతే.