కుర్రాళ్లు తలూపుతున్నారు, బండ్లు తిరిగొస్తున్నాయి

ప్రశ్న: పదకొండేళ్లు కార్ల వర్క్‌షాప్‌లో మెకానిక్‌గా చేశాను. ఆరు నెలల కిందట సూపర్‌వైజర్‌ని చేశారు. మేనేజ్‌మెంట్ ట్రైనింగ్ అని మూడు రోజులు క్లాసులో కూర్చోబెట్టారు గానీ వచ్చాక ఏమీ మారలేదండీ. చెప్పినదానికల్లా కుర్రాళ్లు తలూపుతారు, బండి అదే కంప్లయింట్‌తో తిరిగొస్తుంది. చివరికి పని నేనే చేసేస్తున్నాను. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయాలి?

జవాబు: ముందు, వాళ్ల చేతిలో స్పానర్ లాక్కోవడం మానేయండి. చేయి తిరిగినవాడికి పక్కవాడు తడుముకుంటుంటే చూస్తూ ఊరుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు, కానీ మీరు లాక్కున్న ప్రతిసారీ ఆ కుర్రాడికి నేర్చుకునే అవకాశం పోతోంది.

పని రావడం వేరు, నేర్పడం వేరు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికా ఫ్యాక్టరీల్లోకి కొత్తవాళ్లు కుప్పలుగా వచ్చిపడితే, పని ఎలా నేర్పాలో సూపర్‌వైజర్లకే ప్రత్యేకంగా నేర్పారు. 1950లలో టయోటా ఆ పద్ధతిని తీసుకుంది. ముందు కుర్రాడికి ఎంత తెలుసో కనుక్కోవాలి, తర్వాత చేసి చూపించాలి, ఆపైన అతని చేత చేయిస్తూ ఎందుకలా చేస్తున్నాడో అతని నోటితోనే చెప్పించాలి, చివరికి వదిలేసి మధ్యమధ్యలో వెళ్లి చూడాలి. అందరూ ఎగ్గొట్టేది ఆ చెప్పించడమే.

బ్రేక్ ప్యాడ్లే తీసుకోండి. కొత్తవి వేయడానికి, ప్యాడ్లని నొక్కే క్యాలిపర్ పిస్టన్‌ని వెనక్కి నెడతాం కదా, అందుకని బండి కదిలించే ముందు పెడల్ గట్టిపడేదాకా తొక్కాలి. ఊరికే 'తొక్కు' అంటే హడావిడి రోజున మరిచిపోతాడు. తొక్కకపోతే మొదటిసారి పెడల్ కిందికంటా పోతుంది, బండి ఆగదు అని తన నోటితో చెప్పినవాడికి అది గుర్తుంటుంది.

మీ మూడు రోజుల క్లాసు తప్పు కాదు, దాని తర్వాత షాప్ ఫ్లోర్ మీద ఎవరూ మీ పక్కన నిలబడలేదు. అమెరికా కార్ల కంపెనీ జనరల్ మోటార్స్ 1982లో మూసేసిన కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ ప్లాంట్‌ని 1984లో టయోటాతో కలిసి తెరిచినప్పుడు, పాత కార్మికుల్లో చాలామందినే తీసుకుని, టీమ్ లీడర్లు కాబోయేవాళ్లను జపాన్ పంపి అక్కడి లైన్ మీదే పని చేయించారు. ఆ ప్లాంట్‌లో ఇబ్బంది వస్తే కార్మికుడు సాయం కోసం లైన్ పక్కనున్న తాడు లాగేవాడు, టీమ్ లీడర్ పరుగున వచ్చేవాడు, తిట్టడానికి కాదు. మీ కుర్రాళ్లు పని అర్థం కాలేదని చెప్పకుండా ఎందుకు తలూపుతున్నారో, తిడతారన్న భయమేమో చూసుకోండి.

మీ మేనేజర్‌ని రోజుకు అరగంట అడగండి, ఆ అరగంటలో మీకు ఏ బండీ అప్పగించకూడదని మాట తీసుకోండి. ఎక్కువగా తిరిగొస్తున్న కంప్లయింట్ ఏదో చూసి, ఆ ఒక్క పనితో, ఒక్క కుర్రాడితో రేపే మొదలుపెట్టండి.