మాస్‌బర్గ్ 500కి ఏ స్టాక్ వేయాలి, ఏ సామాను కొనాలి?

టెక్సాస్‌లో ఇంటి రక్షణకు 18.5 అంగుళాల బ్యారెల్ ఉన్న మాస్‌బర్గ్ 500 పంప్ షాట్‌గన్ కొన్నారు. పిస్టల్ గ్రిప్ స్టాక్ (పిస్టల్‌కుండే లాంటి పిడి ఉన్నది), షెల్ హోల్డర్ (అదనపు షెల్స్, అంటే తూటాలు, పెట్టుకునేది), మ్యాగజీన్ ఎక్స్‌టెన్షన్ (తూటాలు పట్టే గొట్టాన్ని పొడిగించేది) వేయించాలా, 5 అడుగుల 2 అంగుళాల మీ ఆవిడ కూడా వాడగలరా అని అడిగారు. ముందు స్టాక్ (భుజానికి ఆనే వెనక భాగం) పొడవు చూసుకోండి, తర్వాత లైటు. మిగతావి నిదానంగా కొనొచ్చు.

ట్రిగ్గర్ నుంచి బట్ ప్యాడ్ (స్టాక్ చివర భుజానికి తగిలే మెత్త) మధ్యకు ఉండే దూరాన్ని లెంగ్త్ ఆఫ్ పుల్ అంటారు. కంపెనీ స్టాక్‌కు ఇది 14 అంగుళాలకు కాస్త తక్కువ. పొట్టివాళ్లకు అది ఎక్కువే. స్టాక్ పొడవైతే ముందు చేయి పూర్తిగా చాచాల్సి వస్తుంది, ఫోరెండ్‌ను (బ్యారెల్ కింద ముందు చేత్తో లాగే పిడిని) చివరిదాకా వెనక్కి లాగలేరు, ఖాళీ షెల్ బయటపడక తుపాకీ ఇరుక్కుంటుంది. బట్ కూడా భుజం గుంటలో కుదరక పక్కకు జారుతుంది, తుపాకీ తన్ను చేతి కండమీద పడుతుంది. కొలత సులువే. ఖాళీ తుపాకీని భుజానికి ఆనించి, చెంప స్టాక్ మీద పెట్టినప్పుడు బొటనవేలి కణుపుకూ ముక్కుకూ మధ్య రెండు వేళ్ల సందు ఉండాలి. చలికోటు వేసుకునీ ఒకసారి చూడండి. ఇద్దరు వాడే తుపాకీని పొట్టి మనిషికే సరిచేయాలి: పొడగరి పొట్టి స్టాక్‌తో సర్దుకోగలడు, పొట్టివాళ్లు పొడవు స్టాక్‌తో సర్దుకోలేరు.

మీకు మ్యాగ్‌పుల్ ఎస్‌జీఏ స్టాక్ సరిపోతుంది. అర అంగుళం స్పేసర్లతో (మధ్యలో పెట్టే ముక్కలతో) దాదాపు 12.5 నుంచి 14.5 అంగుళాల దాకా మార్చుకోవచ్చు. పొడవు మార్చే పని లేకపోతే హోగ్ 12 అంగుళాల రబ్బరు స్టాక్ కూడా మంచిదే.

పిస్టల్ గ్రిప్ మాత్రం ఈ తుపాకీకి వద్దు. మాస్‌బర్గ్ 500 సేఫ్టీ (పొరపాటున పేలకుండా ఆపే మీట) రిసీవర్ (తుపాకీ మధ్యనున్న లోహపు పెట్టె) వెనక, పైన ఉంటుంది. మామూలు స్టాక్‌తో బొటనవేలు దానిమీదే ఉంటుంది. పిస్టల్ గ్రిప్ పట్టుకుంటే పట్టు వదిలితే గానీ అందదు. అదే మావెరిక్ 88, రెమింగ్టన్ 870 అనే వేరే షాట్‌గన్‌లకు సేఫ్టీ ట్రిగ్గర్ గార్డ్‌లో అడ్డంగా ఉంటుంది కాబట్టి ఈ తంటా లేదు. భుజానికి ఆనే భాగమే లేని వట్టి పిస్టల్ గ్రిప్ అయితే అసలు వద్దు. గురి కుదరదు, తన్నంతా మణికట్టు మీదే పడుతుంది.

చీకట్లో ఎదురుగా ఉన్నది ఎవరో చూడకుండా ట్రిగ్గర్ నొక్కకూడదు, నీళ్లు తాగడానికి లేచిన పిల్లాడైనా కావచ్చు. అందుకే లైటు తప్పనిసరి. స్ట్రీమ్‌లైట్ టీఎల్-ర్యాకర్ లాంటిది ఫోరెండ్‌లోనే ఇమిడి ఉంటుంది, వైర్లుండవు. కొనేముందు మీ తుపాకీ యాక్షన్ స్లైడ్ ట్యూబ్ (ఫోరెండ్ బిగించే లోపలి గొట్టం) కొలవండి; మాస్‌బర్గ్‌లో 6¾, 7¾ అంగుళాలని రెండు రకాలున్నాయి, ఒకదాని ఫోరెండ్ రెండోదానికి పట్టకపోవచ్చు.

షెల్స్‌కు రిసీవర్ పక్కన వెల్క్రోతో అంటించే కార్డు చాలు. అల్యూమినియం హోల్డర్ స్క్రూలు ఎక్కువ బిగిస్తే రిసీవర్ ఒత్తుకుని లోపల కదిలే బోల్ట్ బిగుసుకుంటుంది. ఆరు షెల్స్ కలిస్తే పావు కిలో పైనే, అదంతా ఒక పక్కే వేలాడుతుంది. నాలుగు చాలు.

మ్యాగజీన్ ఎక్స్‌టెన్షన్ మీ మోడల్‌కు కుదరదు. 500లో మ్యాగజీన్ ట్యూబ్ కొన మూసి ఉంటుంది, బ్యారెల్ దానికే స్క్రూతో బిగుస్తుంది. ఎక్కువ షెల్స్ కావాలంటే మాస్‌బర్గ్ 590 వంటి వేరే మోడల్ చూసుకోవాలి, 590 బ్యారెల్ దీనికి పట్టదు. స్లింగ్ (భుజానికి తగిలించుకునే పట్టీ) ఇంట్లో తలుపు పిడులకు తగులుకుంటుంది. రెడ్ డాట్ (ఎర్ర చుక్కతో గురి చూపే సైట్) పెడితే గురి ఎత్తు పెరిగి చెంప స్టాక్ వదిలేస్తుంది, అప్పుడు చెంప కింద ఎత్తు పెంచే రైజర్ కూడా వేయాలి.

మనవాళ్లు చాలామందికి తెలియనిది: హెచ్1బీ, ఎఫ్1 వంటి నాన్-ఇమ్మిగ్రెంట్ వీసాలవాళ్లు తుపాకీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ నేరం. అమెరికాలో ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉండటం వంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకూ ఇదే వర్తిస్తుంది, సరదాకైనా వాళ్ల చేతికివ్వకండి. గ్రీన్ కార్డు ఉంటే ఈ అడ్డంకి లేదు.

అన్నీ బిగించాక డమ్మీ షెల్స్‌తో ఇద్దరూ భుజం మీంచి దించకుండా పంప్ చేసి చూడండి. తర్వాత రేంజ్‌లో, మీ ఇంట్లో అన్నిటికంటే పొడవైన గదో వరండానో ఎంత దూరముందో అంత దూరం నుంచి, ఇంట్లో ఉంచబోయే బక్‌షాట్‌నే (పెద్ద గుళ్ల తూటానే) కాగితం మీద కాల్చి గుళ్లు ఎంత వెడల్పున పడ్డాయో కొలవండి. మొదటి 25 షెల్స్ తర్వాత స్టాక్ బోల్ట్, లైటు స్క్రూలు మళ్లీ బిగించుకోండి.