మంత్రమూ ప్రార్థనా లేని పెళ్లిలో ఏం చదవాలి?

ప్రశ్న: మాది గుంటూరులో క్రైస్తవ కుటుంబం. నేను చేసుకోబోయే అబ్బాయిది విజయవాడలో హిందూ కుటుంబం. ఇద్దరమూ మతం మారకుండా ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లి చేసుకుంటున్నాము. పురోహితులు గానీ పాస్టరు గారు గానీ ఉండరు కనుక, మాకు ఇష్టమైన రచనలు కొన్ని చదివించాలని అనుకుంటున్నాము. అలా చేస్తే పెళ్లిలా కాక సభలా ఉంటుందని రెండువైపులా పెద్దవాళ్లు దిగులు పడుతున్నారు. ఏం చదివితే బాగుంటుంది? ఎవరితో చదివించాలి?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీ పెద్దవాళ్ల దిగులును తేలిగ్గా తీసుకోకండి. పెళ్లిలో నలుగురి ఎదుట పలికే మాటకు ఒక బరువు ఉంటుందని వారికి తెలుసు, ఆ మాటే లేకుండా పోతుందేమోనని వారి భయం. అందుకని ముందుగా చట్టం మీ చేత పలికించే మాటను చూడండి. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టంలోని 12వ సెక్షన్ ప్రకారం పెళ్లిని మీకు నచ్చిన పద్ధతిలో జరుపుకోవచ్చు. కానీ వివాహ అధికారి, ముగ్గురు సాక్షుల సమక్షంలో మీరిద్దరూ ఒకరినొకరు చట్టబద్ధంగా భార్యగా, భర్తగా స్వీకరిస్తున్నామని పలికి తీరాలి. ఆ వాక్యాన్ని మీ ఇద్దరికీ అర్థమయ్యే ఏ భాషలోనైనా పలకవచ్చని కూడా ఆ సెక్షనే చెబుతోంది. దాన్ని హడావుడిగా ముగించి సంతకాల మీద పడకండి. అదనపు రుసుము చెల్లిస్తే కార్యాలయానికి సహేతుకమైన దూరంలో ఉన్న వేరే చోట కూడా పెళ్లి జరిపించే వీలుంది కనుక, 30 రోజుల నోటీసు ఇవ్వడానికి వెళ్లిన నాడే ఆ సంగతి కనుక్కోండి. అది కుదరకపోతే కల్యాణమండపంలో అందరి ముందూ ఆ వాక్యాన్ని తెలుగులో మరొకసారి పలకండి. మీరు చదివించేవన్నీ ఆ వాక్యం దగ్గరికి తీసుకువెళ్లేవిగా ఉండాలి.

పెళ్లిలో ఇలాంటి చదువు మనకు కొత్తదేమీ కాదని పెద్దవాళ్లకు గుర్తుచేయండి. పెళ్లికొడుకు స్నేహితులో, బడిలో పాఠం చెప్పిన తెలుగు మాస్టారో వధూవరుల పేర్లు కలిపి పంచరత్నాలు, అంటే అయిదు పద్యాలు, రాసి, అచ్చు వేయించి, పందిట్లో చదివి అందరికీ పంచిన రోజులు మీ తాతగారి తరానికి బాగా తెలుసు. అంతకంటే పెద్ద ఉదాహరణ కూడా మీ ప్రాంతంలోనే ఉంది. కవి, హేతువాది త్రిపురనేని రామస్వామి చౌదరి (1887–1943) పెళ్లికి వచ్చినవారికి అర్థం కావాలన్న పట్టుదలతో ‘వివాహవిధి’ని తెలుగులో రచించి, తానే పౌరోహిత్యం వహించి పెళ్లిళ్లు జరిపించారు.

ఇక ఎంపిక విషయం. అబ్బాయి వైపు వారి కోసం సప్తపదిలోని మాటలను తెలుగులో చదివించండి. మొదటి అడుగు అన్నం కోసం, రెండవది బలం కోసం అంటూ సాగి, ఏడవ అడుగు తర్వాత వరుడు వధువును తనకు నెచ్చెలివి కమ్మని కోరతాడు. ఇంతమంది చూసిన ఈ తంతులో చివరికి అడిగేది స్నేహమని తెలిసినవారు తక్కువ. దాని వెంటనే గురజాడ ‘కాసులు’ చదివితే చక్కగా అతుకుతుంది. అందులో భర్త, మగడు దైవమన్నది పాతమాట అని, తాను ప్రాణమిత్రుణ్ణని భార్యతో అంటాడు. మొత్తం చదవనక్కరలేదు, ఆ మాట ఉన్న భాగం చాలు.

మీ వైపు వారి కోసం కొరింథీయులకు పౌలు వ్రాసిన మొదటి పత్రిక 13వ అధ్యాయంలో 4 నుంచి 7 వరకు వచనాలు తీసుకోండి. ‘ప్రేమ దీర్ఘకాలము సహించును, దయ చూపించును’ అని మొదలయ్యే ఆ భాగం తమలో తాము తగవులు పడుతున్న ఒక సంఘాన్ని ఉద్దేశించి రాసినది, కాబట్టి కాపురానికీ పనికివస్తుంది. ఆ నాలుగు వచనాలలో దేవుని పేరు రాదు గనుక అబ్బాయి తరఫు వారు కూడా ఇబ్బంది పడకుండా వింటారు.

రూతు గ్రంథంలోని ‘నీవు వెళ్లు చోటికే నేను వచ్చెదను’ అన్న మాటలను మాత్రం మీ పెళ్లిలో చదివించవద్దని గట్టిగా చెబుతాను. ఎంతో అందమైన మాటలవి, క్రైస్తవ వివాహాలలో తరచు వినిపిస్తాయి. కానీ భర్త పోయిన కోడలు అత్తగారిని విడిచి వెళ్లనంటూ చెప్పిన ఆ మాటల వెంటనే ‘నీ దేవుడే నా దేవుడు’ అని వస్తుంది. మతం మారకుండా పెళ్లి చేసుకుంటున్న మీ నోట అది వినిపిస్తే, ఎవరు మారారా అని రెండు కుటుంబాలూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. ఏ రచననైనా ముందూ వెనుకా పూర్తిగా చదివాకే ఎంచుకోమనడం ఇందుకే. మనకున్న గొప్ప ప్రేమ కవితల్లో చాలా భాగం విరహం మీదో, దక్కని ప్రేమ మీదో రాసినవి.

వీటన్నిటికంటే నాకు ఇష్టమైనది ఇంట్లో దొరికే కాగితం. బీరువా అడుగున అమ్మమ్మకు తాతయ్య రాసిన నీలి రంగు ఇన్‌లాండ్ లెటరు ఒకటి ఉండవచ్చు. ‘పిల్లకు జ్వరం తగ్గిందా? నువ్వు వేళకు తింటున్నావా?’ అన్న రెండు వాక్యాలు దానిలో ఉంటే అవే చదివించండి. అది రాసినవారో అందుకున్నవారో ఉంటే వారి అనుమతి తప్పక తీసుకోండి.

మూడు రచనలకు మించవద్దు, ఒక్కొక్కటి రెండు నిమిషాలు దాటవద్దు. బైబిలు భాగాన్ని అబ్బాయి మేనత్తగారూ, సప్తపదిని మీ బాబాయిగారూ చదివితే పెద్దల దిగులు చాలావరకు అక్కడే తీరుతుంది. పెద్ద అక్షరాలలో అచ్చు తీసి వారం ముందే ఇచ్చి, ఒకసారి పైకి చదివించి వినండి. మేళం వారినీ ఫొటోగ్రాఫర్లనూ ఆ కాసేపు ఆగమని, వంటవారిని భోజనాల హాలు తలుపులు అప్పుడే తెరవవద్దని ముందుగానే చెప్పి ఉంచండి.

ప్రశ్న: మాది కతోలిక కుటుంబం. పెళ్లి దివ్యబలిపూజలో మొదటి పఠనానికి బదులుగా నేను రాసుకున్న కవిత చదవవచ్చా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: చదవకూడదు. పూజలో పఠనాలు పరిశుద్ధ గ్రంథం నుంచే ఉండాలి, వాటి స్థానంలో మరే రచనా రాకూడదు. అయితే వివాహానికి నిర్దేశించిన పఠనాలు చాలానే ఉన్నాయి, వాటిలో మీకు దగ్గరైనదాన్ని ఎంచుకోనివ్వమని మీ విచారణ గురువులను, అంటే చర్చి ఫాదరు గారిని, అడగండి. మీ కవితను సాయంత్రం విందులో, భోజనాలకు ముందు, మీరే చదవండి.