పాత జగ్గులు రెండు కలిపితే మీ జగ్గు వచ్చేస్తుందా?

మీ ప్రశ్న: అమెరికాలో జగ్గు డిజైన్‌కి పేటెంట్ అడిగితే, ఒక పాత జగ్గుకి ఇంకో జగ్గు పిడి తగిలిస్తే ఇదే వస్తుందని ఎగ్జామినర్ తిరస్కరించాడు, తొమ్మిది తేడాలు చూపిస్తే చాలదా?

చాలదు. అక్కడ తూచేది మొత్తం రూపాన్ని, తేడాల లెక్కని కాదు.

1982లో రోజెన్ కేసులో కాఫీ టేబుల్‌ డిజైన్‌ని ఒక డెస్కు ఆధారంగా తిరస్కరిస్తే అప్పీలు కోర్టు ఒప్పుకోలేదు. ఆధారంగా తీసుకున్న పాత వస్తువు రూపం దాదాపు ఇదే అయి ఉండాలంది. ఆ కఠిన నియమాన్ని 2024 మే 21న ఎల్‌కేక్యూ (కారు విడిభాగాల కంపెనీ), జీఎం (కార్ల కంపెనీ) కేసులో ఫెడరల్ సర్క్యూట్ (అమెరికాలో పేటెంట్ అప్పీళ్లు వినే కోర్టు) పూర్తి ధర్మాసనం తీసేసింది. అయినా పాత రోజెన్ పేరాలే అతికించి జవాబులు పంపేవాళ్లున్నారు. ఫీజు మాత్రం కొత్తది!

ఇప్పుడు మీరు పట్టుకోవాల్సింది ఆ రెండిటినీ కలపడానికి కారణం ఏమిటన్నది. రెండు పాత జగ్గులూ ఒకే రంగానివి కాబట్టి అక్కడ వాదించి లాభం లేదు. కానీ ఆ పిడిని ఈ జగ్గుకి పెట్టాలని మామూలు డిజైనర్‌కి ఎందుకు తోచాలి? దానికి రికార్డులో ఆధారం ఉండాలి. మీ పిడి అంచులోంచే ఒకే గీతగా సాగిందనుకోండి, పాతది పక్కన రెండుచోట్ల అతికి ఉంది. దాన్ని అలా సాగదీయాలంటే అంచూ మూతీ కూడా మార్చాలి. అంటే కలపడంతో పని అవలేదు, మళ్లీ గీయాల్సి వచ్చింది. మూడు జగ్గుల బొమ్మలూ ఒకే కోణంలో, ఒకే సైజులో పక్కపక్కన పెట్టి ఇది చూపించండి.

"పట్టు బాగుంటుంది" అని మాత్రం రాయకండి, అది పనితీరు గొడవ. "కొనేవాళ్లకి తేడా తెలుస్తుంది" అన్నదీ వద్దు. అది ఉల్లంఘన కేసుల్లో చూసే కన్ను. ఇక్కడ డిజైనర్ కన్ను కావాలని 2013లో చెప్పుల కేసులో (హై పాయింట్) కోర్టు చెప్పింది. అమ్మకాల లెక్కలు జత చేస్తే, జనం కొన్నది ఆ కొత్త రూపం చూసేనని కూడా చూపాలి. సూపు డబ్బాల స్టాండు కేసు (క్యాంప్‌బెల్, గేమన్) 2021లో అక్కడే పోయింది: అమ్మకాలు పాత రూపాల్లోనూ ఉన్న అంశాలవల్ల కావచ్చంది కోర్టు.

బొమ్మల్లో కొత్త గీత చేర్చలేరు. జవాబుకి గడువు సాధారణంగా మూడు నెలలు, అదనపు ఫీజు కడితే ఆరు.